ఉదాహరణకో మనిషి

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. మా ఇంగ్లీషు సార్ పోయాడని బ్యాంకుకు ఫోనొచ్చిన రోజు ఆ సామెత నాకు బాగా అర్థమైంది.

"సార్ ఇగ లేడమ్మా. ఎసొంటి మనిషి! ఆదివారం సంతాపసభ పెడుతున్నం. నువ్వు రావాలె, రెండు మంచి మాటలు చెప్పాలె" అన్నాడు అవతలి నుంచి, ఒకప్పుడు నాతోపాటు ఆయన దగ్గర చదివి ఇప్పుడు ఇన్సూరెన్సు ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి. కౌంటరు ముందు జనం నిలబడి ఉన్నారు కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఏమనేదాన్నో నాకే తెలియదు. మాటలకేం కొదవ! ఆయన పుణ్యమా అని నాకు వచ్చినన్ని ఇంగ్లీషు మాటలు మా మేనేజరుకు కూడా రావు. వాటిలో ఆయన మీద పెట్టడానికి మంచిదంటూ ఒక్కటి దొరకాలి కదా!

రానని చెప్పేదాన్నే. అంతలో ఆయన, "మీ అన్నతోనే సార్ బోర్డు రాయిస్తున్నం, ఒప్పుకున్నడు" అన్నాడు. మా అన్న ఆ బోర్డు ముందు మళ్లీ నిలబడతాడా? ఒప్పుకున్నాడా? బలవంతం చేశారా? "వస్తాను" అని పెట్టేశాను. నేను వెళ్లింది సార్ కోసం కాదు, మా అన్న కోసం. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది.

మాది చండ్రుగొండకు ఇవతల, రోడ్డు మీది ఊరు. ఊరు దాటితే అడవి. ఎండాకాలంలో గూడేల వాళ్లు కోసి కట్టలు కట్టిన తునికాకును బీడీలకోసం మా ఊరి గోదాంలో నింపేవాళ్లు. ఆకు లారీలెక్కి వెళ్లిపోయాక మిగతా ఏడాదంతా గోదాం ఖాళీ. డెబ్బైల చివర్లో ఆ ఖాళీ గోదాంను కిరాయికి తీసుకుని ఆయన ట్యూషన్ పెట్టాడు. బ్యాంకు పరీక్షలకూ, సర్కారు నౌకరీ పరీక్షలకూ ఇంగ్లీషు. అందులోనూ వ్యాకరణం జోలికి పోడు. మాటలు. డిగ్రీ చదివినవాళ్లు కూడా నోరు తెరిచే కష్టమైన మాటలు. రోజుకొకటి. ముందు మాట, తర్వాత దాని అర్థం, ఆ తర్వాత దానికో ఉదాహరణ. ఎండిన తునికాకు వాసన ఇప్పటికీ ఎక్కడైనా ముక్కుకు తగిలితే నాకు ఏదో ఒక ఇంగ్లీషు తిట్టు గుర్తొస్తుంది.

తిట్టే. ఎందుకంటే ఆయన ఉదాహరణను ఎప్పుడూ పుస్తకంలోంచి తేడు. ఊళ్లోంచి తెస్తాడు.

"మాటకు మనిషిని కట్టెయ్యాలె" అనేవాడు. "గుంజకు దూడను కట్టేసినట్టు. గప్పుడు యాడికీ పోదు. పుస్తకంల ఉన్న జాన్ ఎవడో, మేరీ ఎవతో మీకేమెరుక? మీ ఎదురింటోడు ఎరుక. గాణ్ని పెట్టుకోండ్రి."

గోదాం బయటి గోడకు, రోడ్డు వైపు, ఒక నల్లబోర్డు. దానికి ఎదురుగా టీ హోటలు, బస్సులు ఆగే చోటు. పొద్దున్నే ఆ బోర్డు మీద మూడు వరసలు పడేవి. పైన ఇంగ్లీషు మాట, మధ్యలో తెలుగులో అర్థం, అడుగున ఇంగ్లీషులో ఉదాహరణ. ఉదాహరణలో ఊరివాళ్లలో ఎవరో ఒకరి పేరు, ఉన్నదున్నట్టు. హోటల్లో టీ తాగేవాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు, సంతకొచ్చినవాళ్లు, అందరూ మెడలు సాచి, "ఇయ్యాల ఎవరి వంతు?" అని అడిగేవాళ్లు. చదువు రానివాళ్లు వచ్చినవాళ్లతో చదివించుకునేవాళ్లు. మా ఊళ్లో వార్తాపత్రిక కంటే ముందు ఆ బోర్డు చదివేవాళ్లంటే నమ్మండి.

హోటలు కోటయ్యకు 'గారలస్' వచ్చింది. అంటే ఆపకుండా వాగేవాడని. కోటయ్యకు అక్షరమ్ముక్క రాదు. తన పేరు ఇంగ్లీషులో పడిందని తెగ సంబరపడిపోయి ఆ పూట సార్‌కు టీ ఊరికే పోశాడు. దర్జీ యాకూబ్ భాయికి 'ప్రొక్రాస్టినేట్' వచ్చింది. ఇవాళ్టి పని రేపటికి నెట్టడం. భాయి అర్థం చెప్పించుకుని, "సచ్చీ బాత్ సార్. మా ఇంట్ల కూడ గిదే అంటరు, ఉర్దూల" అని నవ్వి, పండుగ బట్టలు ఎప్పట్లాగే పండుగ వెళ్లాక ఇచ్చాడు. సభలో అందరూ చెప్పుకుని మురిసిపోయినవి ఇట్లాంటివే. నవ్వనివాళ్ల సంగతి నేను చెబుతాను.

గూడెం నుంచి ఒక పిల్ల వచ్చేది. వాళ్ల గూడెంలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. దుమ్ములో నడిచి, బస్సు పట్టుకుని, చెదిరిన జుట్టుతో వచ్చి వెనక కూర్చునేది. ఒక రోజు ఆ పిల్లకు 'అన్‌కూత్' పెట్టాడు. మోటు, నాగరికత తెలియనిది అని. ఆ పొద్దున బస్సు వచ్చి ఆగింది. పిల్ల దిగబోయి, మెట్టు మీదే నిలబడి, బోర్డు చదివింది. దిగలేదు. కండక్టరు విజిలేశాడు, బస్సు ఆ పిల్లను అట్లాగే తీసుకుని సత్తుపల్లి వైపు వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆయన ఆ రోజు క్లాసులో, "చూసిన్రా, మాట ఎంత పదునుగుంటదో!" అన్నాడు. సిగ్గనేది ఉంటేగా.

కట్టుకున్న భార్యనూ వదల్లేదు. ఆమె క్లాసులోకి టీ తెస్తే ఒక గుక్క తాగి, లవంగం బుగ్గ మార్చుకుని, "ఇన్‌సిపిడ్. ఉదాహరణకు ఈమె టీ... టీయేనా, మనిషి కూడ" అన్నాడు, అంతా ఇంగ్లీషులోనే. చప్పిడి అని. క్లాసంతా గొల్లుమంది. ఆమె, "ఏందంట?" అని మా ముఖాలు చూసింది. ఎవరూ చెప్పలేదు. గ్లాసులు పోగేసుకుని వెళ్లిపోయింది.

లవంగం అన్నాను కదా. మనిషి సన్నం. తెల్ల బుష్‌షర్టు, జేబులో ఎప్పుడూ నాలుగు లవంగాలు. ఎవరికైనా మాట పెట్టబోయే ముందు ఒక లవంగం బుగ్గన పెట్టి, కళ్లు సగం మూసి, ఆ మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూసేవాడు, కొలత తీసే దర్జీలాగా. ఆ చూపుకు ఊరంతా హడలు. ఆయన ఎదురొస్తుంటే పెద్దపెద్దవాళ్లు కూడా చొక్కా గుండీలు సర్దుకునేవాళ్లు, మాట్లాడేవాళ్లు ఆపేసేవాళ్లు, ఖాళీగా కూర్చున్నవాళ్లు లేచి ఏదో పని వెతుక్కునేవాళ్లు. ఒకసారి మాలో ఎవరో ధైర్యం చేసి, "మరి మీకే మాట సార్?" అని అడిగారు. ఆయన లవంగం కొరికి, "నా మాట ఇంకా డిక్షనరీలకు ఎక్కలేదురా" అన్నాడు. దానికీ చప్పట్లు కొట్టారు మావాళ్లు. కుక్కిన పేనుల్లా పడి ఉండటం అలవాటైతే చప్పట్లకేం, వాటంతట అవే వస్తాయి.

ఒక్కటి మాత్రం కాదనలేను. ఆ మాటలు ఎవరం మరిచిపోలేదు. అదే నా కడుపుమంట. మనుషుల్ని కట్టేసిన గుంజలు గదా, ఎక్కడికి పోతాయి?

ఇక మా అన్న. నాకంటే పెద్ద. కొత్తగూడెంలో బీయే చేశాడు, మిరపతోట పని చూసుకుంటూనే పరీక్షలు రాసేవాడు. చేతిరాత చూస్తే కళ్లకద్దుకోవాలనిపించేది. సార్ రాత కోడి గెలికినట్టుండేది, అందుకని బోర్డు రాసే పని మా అన్నకు పడింది. పొద్దున్నే ఇద్దరం వెళ్లేవాళ్లం. నూలుదారానికి సుద్దపొడి పట్టించి, ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకుని, "బిగ్గ పట్టు చెల్లె" అని మధ్యలో లాగి టప్పున వదిలేవాడు. నల్లబోర్డు మీద తెల్లగా తిన్నగా గీత పడేది. అట్లా మూడు గీతలు. వాటి మీద సార్ చెప్పింది చెప్పినట్టు రాసేవాడు. ఎవరిని ఎంత మాట అన్నా, ఆ అక్షరాల్లో చూస్తే తిట్టు కూడా పెళ్లిపత్రికలా ఉండేది. "నువ్వెందుకన్నా ఇవి రాస్తవు?" అంటే, "నేను రాసేది అక్షరాలు చెల్లె. మాట సార్‌ది" అనేవాడు.

మా అన్నకు రాతపరీక్షలో అంతా వచ్చేది, ఇంటర్వ్యూలో నోరు పెగిలేది కాదు. ప్రతిసారీ అక్కడే పోయేది. మళ్లీ కట్టేవాడు. ఈసారి కూడా పోయిందని తెలిసిన రోజుల్లోనే, కొత్తగూడెం బొగ్గుగనుల్లో పనిచేసే ఒకాయన కొడుకును ట్యూషన్‌లో చేర్పించడానికి తీసుకొచ్చి, మా అందరి ముందూ, "సార్, మీ తాన ఇన్నొద్దులు చదివి, మీ బోర్డు రాసేటాయనకే నౌకరీ రాకపాయె. మా పోరనికి ఏమొస్తది?" అన్నాడు. కొడుకును తీసుకుని వెళ్లిపోయాడు కూడా.

సార్ లవంగం బుగ్గన పెట్టాడు. కళ్లు సగం మూశాడు. మా అన్న వైపు చూశాడు.

మర్నాడు పొద్దున నేను దారం పట్టుకున్నాను, మూడు గీతలు పడ్డాయి. సార్ వెనక నిలబడి చెబుతున్నాడు. హోటల్లో జనం ఉన్నారు. "ఫ్యూటైల్" అన్నాడు. మా అన్న రాశాడు. "అర్థం, ఎంత చేసినా ఫలితం లేనిది." రాశాడు. "ఉదాహరణ. నౌకరీ కోసం ఈయన చేసే ప్రయత్నాలన్నీ ఫ్యూటైల్" అని ఇంగ్లీషులో చెబుతూ, 'ఈయన' అనే చోట మా అన్న పేరు చెప్పాడు.

మా అన్న చెయ్యి ఆగింది. చాక్‌పీసు బోర్డుకు ఆనించి అట్లాగే నిలబడ్డాడు. "వద్దన్నా, రా పోదాం" అన్నాను. అన్నకు వినపడిందో లేదో.

"ఏందిరా, నీ పేరు స్పెల్లింగే మరిచినవా?" అన్నాడు సార్. అని, మా అన్న పేరును ఒక్కొక్క అక్షరం పలుకుతూ, ఒకటో తరగతి పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. వెనకాల పిల్లలు నవ్వారు. హోటల్లో కూడా ఎవరో నవ్వారు.

మా అన్న రాశాడు. అంత అందంగా అంతకుముందు ఎప్పుడూ రాయలేదు. చివర చుక్క కూడా పెట్టాడు. చేతులు దులుపుకుని లోపలికొచ్చి తన చోట కూర్చుని పాఠమంతా విన్నాడు. ఆ మర్నాటి నుంచి రాలేదు. మళ్లీ ఏ పరీక్షకూ కట్టలేదు.

అంతటితో పోతే పోయేది. పోలేదు. ఆ సాయంత్రమే మా అన్న రోడ్డు మీద వెళ్తుంటే కోటయ్య, "ఏమయ్యా ఫ్యూటైలూ, చాయ్ తాగుతవా?" అని పిలిచాడు. పాపం, ఏ కల్మషమూ లేదు. తన గారలస్‌లాగా అదీ ఏదో ఇంగ్లీషు గౌరవం అనుకున్నాడు. హోటల్లో వాళ్లు అందుకున్నారు, తర్వాత పిల్లలు, తర్వాత ఊరు. కొన్నాళ్లకు మా అన్న పేరు అడిగితే చెప్పేవాడు లేకుండా పోయాడు. ఫ్యూటైల్. ఫ్యూటైలన్న. ఫ్యూటైల్ మామ. కొత్తగా కాపురానికొచ్చిన మా వదిన అది ఇంటిపేరేమో అనుకుంది. మొక్కుకుని కన్న కొడుక్కు ఏరికోరి పెట్టుకున్న పేరు మా అమ్మ నోట్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. మా అమ్మ పోయాక అక్కడా పోయింది.

నన్ను మాత్రం ట్యూషన్ మాననివ్వలేదు నాయిన. "ఒక్కరన్నా గట్టెక్కాలె బిడ్డా" అన్నాడు. వెళ్లాను. "ఇగ బోర్డు నువ్వు రాయమ్మా" అన్నాడు సార్. "నాకు రాత రాదు సార్, వచ్చినా రాయను" అన్నాను. మర్నాడు ఆయన కోడిగెలుకుడు రాతలోనే బోర్డు మీద నా పేరు పడింది. 'మీడియోకర్'. బొటాబొటి సరుకు. నేను దాని ముందు నిలబడి పైకి చదివి, లోపలికి పోయి ముందు వరసలో కూర్చున్నాను. ఏడుస్తానని చూశాడు. ఏడిస్తే ఆయనకు ఇంకో మాట దొరికేది.

ఖమ్మంలో పరీక్ష రాసిన రోజు చెబుతాను. ఇంగ్లీషు పేపరు తిప్పాను. ఈ కింది మాటకు దగ్గరి అర్థం గుర్తించండి అని ఉంది. మాట, ఫ్యూటైల్. కింద ఇచ్చిన నాలుగూ చదవక ముందే నా చెయ్యి జవాబు మీదికి పోయింది. మా అన్న పేరు పోగొట్టుకుని కొన్న మార్కు అది. ఉద్యోగమొచ్చిందని ఊరంతా సంతోషపడింది. మా అన్నైతే అందరికీ మిఠాయి పంచాడు.

నేను నేలకొండపల్లి బ్రాంచీలో చేరిన కొత్తలో సార్ అక్కడికీ వచ్చాడు. సరాసరి మేనేజరు గదిలోకి పోయి, నన్ను పిలిపించి, "నా ప్రొడక్ట్ సార్ ఈ అమ్మాయి" అన్నాడు, ఏదో సబ్బుబిళ్లను చూపించినట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చాక ఆగలేక అడిగేశాను.

"మా అన్నను ఎందుకు అట్ల చేశారు సార్? ఊళ్లో ఆయన పేరు కూడా మిగల్లేదు."

ఆయన లవంగం తీసి నోట్లో వేసుకున్నాడు. "నేను తిట్టకపోతే నువ్వీ కుర్చీల కూసునేదానివా? ఒకడు పోతేనే ఒకరు లేస్తరు. ఇగ మీ అన్నంటవా, గా మాట నేను పెట్టలేదమ్మా. గా మాట ఎన్నేండ్లదో. మీ అన్న దానికి సరిపొయ్యేటట్టు పుట్టిండు."

ఇది గుర్తుపెట్టుకోండి. సభలో ఆయన హృదయం వెన్న అన్నారు.

మా అన్న ఆ రాతనే నమ్ముకున్నాడు. చాక్‌పీసు వదిలి బ్రష్షు పట్టాడు. దుకాణాల బోర్డులు, ట్రాక్టరు ట్రక్కుల మీద దేవుళ్ల పేర్లు, కలప లారీల వెనక హారన్ కొట్టమని రాసే అక్షరాలు, ఎన్నికలొస్తే గోడలు. బోర్డు రాసే పెయింటర్లు అడుగున చిన్న అక్షరాల్లో తమ పేరు వేసుకుంటారు కదా, ఫలానా ఆర్ట్స్ అని. మొదటి ట్రక్కు మీద మా అన్న తన అసలు పేరే వేసుకున్నాడు. దాన్ని చూసి ఆసామి, "ఈ పేరుగలాయన ఎవరయ్యా? నీ పేరెయ్యి. లేకపోతే నీ పనని పదిమందికి ఎట్ల తెలుస్తది?" అన్నాడు. చెరిపేసి, తెలుగులో 'ఫ్యూటైల్ ఆర్ట్స్' అని రాశాడు మా అన్న. కొత్తగూడెం నుంచి భద్రాచలం దాకా ఆ రోడ్ల మీద తిరిగే సగం బండ్ల మీద అదే సంతకం. బస్సులో వస్తూ ముందు పోయే ట్రక్కు మీద అది కనపడితే నేను కిటికీలోంచి ముఖం తిప్పుకునేదాన్ని.

మా మేనకోడలు హైస్కూల్లో ఉండగా డిక్షనరీలో ఆ మాట చూసింది. ఇంటికొచ్చి పుస్తకాల సంచీ విసిరేసి అన్నం ముందు కూర్చోనంది. "నాన్నా, నీకు తెల్సా దాని అర్థం?" అని అడిగింది. నేను అక్కడే ఉన్నాను. మా అన్న బ్రష్షు కిరసనాయిల్లో కడుగుతూ, "నాకు తెల్వకనా బిడ్డా, నేనే రాసిన గద" అన్నాడు. పిల్ల లేచిపోయింది. ఆయన బ్రష్షు కడగడం ఆపలేదు. తెల్లగా అయిపోయినా కడుగుతూనే ఉన్నాడు.

సరే, సభ సంగతి. పొద్దున్నే ఖమ్మంలో బస్సు మారి ఊరు చేరాను. ముందు సార్ ఇంటికి పోయాను, సార్ భార్యను పలకరించాలి కదా. ఆమె గోదాం బోర్డును వాకిట్లో వేసి నీళ్లు పోసి కడుగుతోంది. సభకు కావాలన్నారట. నన్ను చూసి పక్కన కూర్చోబెట్టుకుని, "నాకు మస్తు మాటలు పెట్టిండు బిడ్డా. చదువు రాదు గనక బతికిపోయిన" అంది. అని మళ్లీ బోర్డు రుద్దింది.

సభకు పోయే దారిలో మా అన్న కలిస్తే నిలదీశాను. "ఎందుకొప్పుకున్నవన్నా? ఆయన మీద నీకేమన్న రుణముందా? నేనివాళ మైకు పట్టుకుంటే ఒక్కొక్కటి విప్పుతాను. అందరి ముందూ చెబుతాను ఏం చేసిండో."

"వద్దు చెల్లె" అన్నాడు. "నా గురించి నువ్వేం మాట్లాడకు. నా పని నేను చేసుకుంట." జేబులోంచి నూలుదారం ఉండ కొంచెం బయటికి కనపడుతోంది.

సభ అదే గోదాంలో. సార్ పటానికి బంతిపూల దండ. వెనక గోడకు ఆ బోర్డు. బ్యాంకులవాళ్లు, టీచర్లు, ఆఫీసర్లు, అందరూ ఆయన ప్రొడక్టులే. ఒక్కొక్కరూ లేచి తమకు పెట్టిన మాట చెప్పుకుని నవ్వుకున్నారు. ఇన్సూరెన్సు పెద్దమనిషి, "సార్ తిట్లు తిట్లు కాదు, దీవెనలు" అన్నాడు. దీవెనలట! గూడెం పిల్ల బస్సు మెట్టు మీద నిలబడి చదువుకున్నది దీవెనే కాబోలు. నన్ను పిలిచారు. గొంతు బాగాలేదన్నాను. బాగుంటే ఏమయ్యేదో! వాళ్ల అదృష్టం.

మైకు దగ్గర ఊరి యువజన సంఘం కుర్రాడు. సార్ దగ్గర చదివినవాడు కాదు. "ఇప్పుడు మన ఫ్యూటైలన్న సార్ యాదిల బోర్డు రాస్తడు. అందరు చప్పట్లు కొట్టాలె!" అన్నాడు. ఆ కుర్రాడికి తెలియదు, పోనీ. ఎదురుగా కూర్చున్న వాళ్లందరికీ ఆ మాటకు అర్థం తెలుసు, ఆ ఉదాహరణ తెలుసు, కొందరైతే ఆ పొద్దున వెనక నిలబడి నవ్వినవాళ్లే. చప్పట్లు కొట్టారు. ఒక్కడూ తల దించలేదు.

మా అన్న వేదికెక్కి, సుద్దపొడిలో దారం ముంచి, నా వైపు చూశాడు. "చెల్లె, జర ఈ కొస పట్టు."

పోయి పట్టుకున్నాను. టప్పున ఒక గీత. రెండోది. మూడోది. నేను వదలబోయాను. "ఉండు, ఇంకోటి కొట్టాలె" అన్నాడు. "మూడే గదన్నా ఎప్పుడూ?" అన్నాను. కిందికి వంగి, బోర్డు అడుగున ఇంకో గీత కొట్టాడు.

కమిటీ వాళ్లు చీటీ మీద రాసిచ్చింది చూసి రాయడం మొదలుపెట్టాడు. 'ఇమ్మోర్టల్.' కింద, చావు లేనివారు. ఉదాహరణ, మా సార్. అదే రాత, అదే ఒద్దిక. ఇందుకా అన్నా వచ్చావు? నీ నోటితో ఒక్క మాట కూడా అనలేవా? ఆ సార్‌ను నీ చేత్తో నువ్వే అంత అందంగా బతికిస్తావా?

మా అన్న చాక్‌పీసు మార్చుకున్నాడు. నాలుగో గీత మీద, పెయింటర్లు సంతకం చేసే చోట, చిన్న అక్షరాలతో ఇంకేదో రాసి, చుక్క పెట్టి, పక్కకు తప్పుకున్నాడు.

వెనక కూర్చున్నవాళ్ల కోసం కుర్రాడు బోర్డంతా మైకులో గుక్క తిప్పుకోకుండా చదివాడు. మాట చదివాడు, అర్థం చదివాడు, మా సార్ అని చదివాడు, ఆ ఊపులోనే అడుగున ఉన్నదీ చదివేశాడు. "రాసినది, సీతారాములు." ఆగాడు. మా అన్న వైపు తిరిగి, "గీ సీతారాములు ఎవరన్నా?" అన్నాడు. మైకు నోటి ముందే ఉంది. గోదాం అంతా ఆ ప్రశ్న వినపడింది. బయట హోటలు దాకా వినపడింది.

మా అన్న జీవితంలో మైకు ముందు నిలబడినవాడు కాదు. ఇంటర్వ్యూలో నోరు పెగలనివాడు. చేతుల సుద్ద లుంగీకి తుడుచుకుని, దాని దగ్గరికి వంగాడు.

"నేనే తమ్మీ. మా అమ్మ భద్రాచలం రాములోరికి మొక్కుకోని పెట్టిన పేరు. గీ బోర్డు మీదనే పోయింది. గిక్కన్నుంచే తీసుకుపోదామని వచ్చిన."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇన్సూరెన్సు పెద్దమనిషి ఒళ్లో ఉన్న పూలవైపు చూస్తూ ఉండిపోయాడు. ముందు వరసలో సార్ భార్య మాత్రం తలెత్తి, "సీతారాములు" అని ఒకసారి పైకే అనుకుంది. నా చేతిలో దారం ఇంకా అట్లాగే ఉంది. ఉండ చుట్టి మా అన్న జేబులో పెట్టాను. పటం మీద పువ్వు వెయ్యకుండానే ఇద్దరం దిగి వచ్చేశాం.